పల్లాడియం కొసరు

బేరమాడటంలో మా ఇంటిల్లిపాదిలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట. అమ్మ కూరగాయల బండి దగ్గర కొత్తిమీర, కరివేపాకు ఊరికే తెచ్చుకుంటుంది; అది ఎవరైనా చేస్తారు. మేనమామ ఒకసారి ఫ్రిజ్ కొని, స్టాండూ కవరూ ఆటో కిరాయీ దుకాణదారు నెత్తినే వేసి వచ్చి, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ కథ చెప్పుకుంటాడు. నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో నిలబడి పల్లాడియం కొసరు వేయించుకున్నాను. పల్లాడియమంటే నగల షాపులో అద్దం వెనక ఉండాల్సిన లోహం. రాసిచ్చినదానికి మూడింతలు వేయించుకున్నాను, పైన ఒక్క రూపాయి ఇవ్వకుండా.

ఆ రోజు షేర్ ఆటోలో ఇంటికి వస్తూ పక్కన కూర్చున్నవాళ్లను చూసి జాలిపడ్డాను. ఎంత పెద్ద బేరగత్తెకు మోచెయ్యి తగిలిస్తున్నారో పాపం వాళ్లకు తెలియదు కదా. ఆ కొసరు వల్ల నా పీహెచ్‌డీ మునిగిపోబోయిందన్నది తర్వాతి సంగతి.

మాకు నాచారంలో మ్యాచింగ్ సెంటరు ఉంది. బ్లౌజు గుడ్డలు, లంగాలు, చీర ఫాల్స్, అంతే. తాత కాలంలో మల్లాపూర్ వైపు చేను ఉండేదట. చేను కాలనీ అయింది, కాలనీవాళ్లకు గుడ్డలు కావాల్సి వచ్చాయి, మేం దుకాణదారులమయ్యాం. గల్లాపెట్టె పక్కన హోంవర్కు చేసుకుంటూ పెరిగాను నేను. గిరాకీ వస్తుంది. చీర కొంగు చూపించి దానికి సరిపోయే రంగు అడుగుతుంది. రంగు కుదిరాక ధర దగ్గర కొట్లాట. ధర కుదిరాక, అమ్మ గుడ్డ చింపబోయే ముందు, “జర నాలుగేళ్లు ఎక్కువ చింపు” అంటుంది. అమ్మ ముఖం మాడ్చుకొని నాలుగువేళ్లు ఎక్కువ చింపుతుంది. ఆ నాలుగువేళ్లూ ముందే ధరలో కలిసి ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. అయినా అడగకుండా వెళ్లిపోయిన గిరాకీని చూస్తే మాకు ఏదో అనుమానం. మనిషికి ఒంట్లో బాగాలేదేమో, లేక గుడ్డ మళ్లీ వాపసు తెస్తుందేమో అని.

అలాంటి ఇంట్లోంచి వెళ్లి నేను ఫిజిక్స్‌లో పడ్డాను. లోహాలు హైడ్రోజన్‌ను ఎలా తాగుతాయన్నది నా పని. తాగడమనే మాట నిజానికి సరైనదే. కొన్ని లోహాలు స్పంజి నీళ్లు పీల్చినట్టు హైడ్రోజన్‌ను లోపలికి పీల్చుకొని ఉబ్బుతాయి. రేపు హైడ్రోజన్‌తో బండ్లు నడపాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట దాచాలి కాబట్టి ఈ తాగుడు మీద లోకానికి ఆసక్తి. నేను కొలిచేది ఫిల్ము, అంటే పలచని లోహపు పూత: గోరంత సిలికాన్ పలక మీద నియోబియం అనే లోహం ఒక పొర, దాని మీద ఇనుము ఒక పొర, మళ్లీ నియోబియం, మళ్లీ ఇనుము, అలా వరసగా. దొంతర మొత్తం కలిపినా వెంట్రుక మందం ముందు లెక్కలోకి రాదు. నియోబియానికి హైడ్రోజన్ అంటే ప్రాణం. ఇనుము ముట్టదు. అన్నిటికన్నా పైన పల్లాడియం పలచగా ఒక పొర ఉండాలి. గాలిలోని ఆక్సిజన్ తగిలి నియోబియం మూతి మూసుకుపోకుండా అది కాపలా కాస్తుంది, జంటగా వచ్చే హైడ్రోజన్ పరమాణువులను విడదీసి లోపలికి పంపుతుంది. అంటే గుమ్మం. నాకు కావాల్సిన జవాబు గుమ్మంలో లేదు, లోపల ఉంది: ఇనుముకు ఆనుకొని ఉన్న నియోబియం కూడా మిగతా నియోబియంలాగే తాగుతుందా, లేక ఆ పక్కవాడి ముందు మొహమాటపడుతుందా?

దాన్ని కంటితో చూడలేం కాబట్టి ఎక్స్‌రేలు. మా దుకాణంలో మడతపెట్టిన గుడ్డల దొంతర అల్మరా అరలో బిగించి ఉంటుంది. వానాకాలం తేమకు గుడ్డ ఉబ్బినా పక్కలకు జరగలేదు, పైకే లేస్తుంది. సిలికాన్‌కు అంటుకున్న ఫిల్ము కూడా అంతే. దాని మీద ఎక్స్‌రేలు పడేస్తే, పరమాణువుల వరసల మధ్య ఎంత ఎడం ఉందో దాన్ని బట్టి ఒక్కో కోణంలో బలంగా తిరిగొస్తాయి. కంప్యూటర్ తెర మీద ఆ కోణం దగ్గర గీత గోపురంలా ఒక పీక్ లేస్తుంది. ఎడం పెరిగితే పీక్ ఎడమవైపుకు జరుగుతుంది. ఒక్కో లోహానిది ఒక్కో చోటు, బజారులో దుకాణాల్లాగా. నియోబియం ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర, దానికి కొంచెం కుడివైపున నలభై దగ్గర పల్లాడియం, ఇంకా అవతల ఇనుము.

మా యూనివర్సిటీలో ఫిల్ములు వేసే యంత్రం పంపు చెడిపోయి ఉండటంతో, నా పీహెచ్‌డీకి గైడ్ అయిన మా సార్ నన్ను నాచారం షెడ్డుకు పంపారు. ఆ షెడ్డు యజమాని గడియారం బెల్టుల మీద బంగారు రంగు పూత, డ్రిల్లు ముక్కల మీద గట్టి పూత వేస్తాడు. గాలి మొత్తం లాగేసిన స్టీలు పీపాలో లోహపు పళ్లేలు బిగించి, వాటి మీంచి లోహాన్ని ధూళికన్నా సన్నగా రాలగొట్టి, ఎదురుగా పెట్టినదాని మీద పరుస్తాడు. పని బాగా తెలిసినవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. బేరంలో నాకు సరిజోడు.

“అన్నా, పైన పల్లాడియం ఎంతేస్తున్నవ్?” అన్నాను.

“మీ సారు రాసిచ్చిన కాయిదం లెక్కనే చెల్లె. ఐదు నానోమీటర్లు.”

“ఐదేనా?”

“ఐదేనా అంటవేంది? రాసింది మీరే గద.”

“ఇంత ఆర్డరిచ్చిన. కొసరుకు జరంత ఎక్కువ ఎయ్యవా?”

“ఇది పల్లాడియం తల్లీ, పల్లీలు గాదు.”

“పళ్లెం ఎట్లైనా వేరే పార్టీ కోసం లోపల పెట్టిందే ఉన్నది. ఇంకో రెండు నిమిషాలు మిషిన్ నడిస్తే నీదేం పోతది?”

“రెండు నిమిషాలు రెండు నిమిషాలు అనుకుంటనే నా జిందగీ పోయింది.”

“వదినెను మా దుకాణానికి తోలు. మంచి రేటుకిప్పిస్త.”

“ఆమెను మీ దుకాణానికి తోలితే నేను షెడ్డు అమ్ముకోవాలె” అని కాసేపు తల గోక్కున్నాడు. “సరే, పదిహేను ఏస్త పో. మీ సారుకు మాత్రం చెప్పకు. రేపటికెళ్లి ఆయన గూడ అడుగుతడు.”

నేను సార్‌కు చెప్పాను. దాచే విషయమా అది? సార్ తెనాలి వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. నవ్వి, “పోనీలేమ్మా, గుమ్మం మందంగా ఉంటే లోపలికి వెళ్లేవాళ్లకేం ఇబ్బంది” అన్నారు. ఇద్దరం సంతోషించాం.

కొలతలు ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో. అక్కడి ఎక్స్‌రే యంత్రం ఒక మేడం చేతిలో ఉంటుంది. ‘ఒకే ధర’ అని బోర్డు పెట్టిన దుకాణం ఎలా ఉంటుందో ఆవిడ అలా ఉంటారు. ఇచ్చిన సమయం ఇచ్చినంతే. నేను ఎన్ని రకాలుగా నవ్వినా పది నిమిషాలు ఎక్కువ రాలలేదు. ఫిల్మును పసుపు రంగు పలచని ప్లాస్టిక్ గుమ్మటం కింద పెట్టి, ఆర్గాన్ వాయువులో కొద్దిగా హైడ్రోజన్ కలిపి లోపలికి వదులుతాం. ప్లాస్టిక్ ఎక్స్‌రేలను ఆపదు, వాయువును ఆపుతుంది. ఇక తెర ముందు కూర్చొని చూడటమే.

చూశాను. నియోబియం పీక్ ఎడమకు కదిలింది. కానీ మొత్తం కదల్లేదు. ఒక వంతు పాత చోటనే కూర్చుండిపోయింది. ఇంకా పలచని నియోబియం పొరలున్న ఫిల్ము పెట్టాను. కదలని వంతు ఇంకా పెద్దదైంది. నా గుండె షేర్ ఆటోలా ఎగిరింది. నేను కోరుకున్న జవాబు అచ్చం ఇదే! ఇనుము పక్కనున్న నియోబియం హైడ్రోజన్ ముట్టడం లేదు. పొర పలచబడేకొద్దీ పక్కనున్నవాళ్ల వాటా పెరుగుతుంది కాబట్టి కదలని వంతూ పెరుగుతోంది. ఇంత చక్కగా కుదిరిన మ్యాచింగు మా దుకాణంలో కూడా చూడలేదు.

“ఇది కనక నిజమైతే మంచి పేపరవుతుందమ్మా” అన్నారు సార్. ‘కనక నిజమైతే’ అన్న ముక్క నాకు వినపడలేదు. ఒక సదస్సుకు సారాంశం పంపించాం. థీసిస్‌కు ముందు ఇవ్వాల్సిన సెమినార్‌కు తేదీ పడింది. నా గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. ఆ సెమినార్ గట్టెక్కితేనే థీసిస్, థీసిస్ ఉంటేనే డిగ్రీ.

తప్పు నాకు దుకాణంలోనే దొరికింది, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. సెమినార్ కోసం గ్రాఫులకు రంగులు వేస్తున్నాను. ఈ రంగుల పిచ్చి మాకు ఇంటి జబ్బు. హైడ్రోజన్ వదలకముందు గీసిన గ్రాఫులో నియోబియానికి ఆకుపచ్చ, పల్లాడియానికి గులాబీ, ఇనుముకు బూడిద రంగు వేశాను. ముచ్చటగా ఉంది. హైడ్రోజన్ వదిలాక గీసినదాన్ని తీశాను. ఆకుపచ్చ రెండు చోట్ల వేశాను: కదిలినదానికి, కదలనిదానికి. బూడిద వేశాను. గులాబీ వేయబోతే వేయడానికి ఏమీ లేదు. నలభై దగ్గర పల్లాడియం చోటు ఖాళీ.

కొసరు లేకపోతే ఆ పీక్ అంత చిన్నగా, వెడల్పుగా ఉండేది కాబట్టి ఎవరూ దాన్ని వెతకరు. కానీ నాది పదిహేను నానోమీటర్ల పల్లాడియం, అంతకుముందు గ్రాఫులో నిటారుగా నిలబడి ఉంది. ఏమైనట్టు? లోహం కొట్లోంచి నడిచి వెళ్లిపోదు కదా. పల్లాడియం కూడా హైడ్రోజన్ తాగుతుంది, బాగానే తాగుతుంది. తాగి ఎంత ఉబ్బుతుందో పుస్తకాల్లో ఉంది. ఆ లెక్క వేశాను. ఉబ్బిన పల్లాడియం పీక్ ఎక్కడికి వచ్చి కూర్చోవాలో చూస్తే, సరిగ్గా నియోబియం ఖాళీ చేసిన చోటుకే.

లెక్క మళ్లీ వేశాను. కోణం మారలేదు.

జరిగింది ఇది. దుకాణం యజమాని, అంటే నియోబియం, లేచి వెళ్లాడు, పూర్తిగానే వెళ్లాడు. పక్క దుకాణంవాడు, పల్లాడియం, వచ్చి ఆ గల్లా దగ్గర కూర్చున్నాడు. నేను రోడ్డు అవతలి నుంచి చూసి, యజమాని కదల్లేదని రాసుకున్నాను. పలచని ఫిల్ముల్లో కదలని వంతు ఎందుకు పెరిగిందంటే, నియోబియం తగ్గింది, పైనున్న పల్లాడియం అంతే ఉంది కాబట్టి. ఇనుముకూ దానికీ ఏ సంబంధమూ లేదు. మొహమాటపడిన నియోబియం అంటూ ఎక్కడా లేదు. నా కొసరు ఉంది, అంతే.

అమ్మ ఫాల్స్ కట్టలు సర్దుతూ నన్ను చూసింది.

“ఏందే, ముఖం గట్ల పెట్టినవ్?”

చెప్పాను. నాకు తెలిసినంత తేలిక మాటల్లో చెప్పాను.

“అంటే గిరాకికి ఒక గుడ్డ అని ఇంకో గుడ్డ ఇచ్చినవా?”

“ఇంకా ఇయ్యలే. ప్యాక్ జేసిన.”

“మరి ఇప్పు.”

“ఇప్పితే దుకాణమే మూతబడేటట్టున్నదమ్మా.”

“అయితే నాలుగేళ్లు ఎక్కువ ఎవలడగమన్నరు నిన్ను?”

“నేర్పింది నువ్వే గద!”

“నేను గుడ్డకాడ అడగమన్న. కంటికి కనవడనిదానికి గూడ కొసరడుగుతరా ఎవరన్న?” అని కట్టలు విసురుగా అరలో తోసింది. తర్వాత టీ తెప్పించింది, అది వేరే సంగతి.

ఆ రెండు రోజులు నాతో నేను చేసిన బేరాలు చెబితే సిగ్గుచేటు. సెమినార్‌లో ఎవరు అడుగుతారు? అడిగితే అప్పుడు చూద్దాం. అసలు కొంత నియోబియం నిజంగానే కదలలేదేమో, దాని పక్కనే పల్లాడియం కూర్చుందేమో, సగం సగం పెట్టుకుంటే ఎలా ఉంటుంది? నా ఎదుట నేనే కూర్చొని బేరమాడితే ఎటువైపు నెగ్గినా నష్టం నాదేనని మూడో రోజుకు అర్థమై, సార్ గదికి వెళ్లాను.

సార్ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“సారాంశం పంపేశాం కదమ్మా” అన్నారు.

“వెనక్కి తీసుకుందాం సార్.”

“సెమినార్‌కి అయిదు వారాలు కూడా లేవు. ‘ఇందులో పల్లాడియం వాటా కూడా ఉండవచ్చు’ అని ఒక వాక్యం చేరిస్తే...”

“చిరుగు లోపలికి మడతపెట్టి అమ్మినట్టే సార్ అది.”

ఆయన నవ్వలేదు. “నేను కూడా ‘పోనీలే’ అన్నానుగా, గుమ్మం మందం గురించి. నాదీ ఉంది ఇందులో. సరే. పలచని పల్లాడియంతో మళ్లీ ఫిల్ములు వేయించాలి, మళ్లీ కొలవాలి. ఈలోపు కాకపోతే ఏం చూపిస్తావు?”

“తప్పు చూపిస్తాను.”

“దానికి డిగ్రీ ఇవ్వరమ్మా.”

“అందుకే ఈలోపే చేస్తాను సార్.”

బయటికి వచ్చాక వెనక్కి వెళ్లబుద్ధయింది గానీ మాట అనేశాను కదా. మా బజారులో ఒకసారి ధర ఒప్పుకున్నాక వెనక్కి తీసుకుంటే మళ్లీ మొహం చూడరు.

షెడ్డుకు వెళ్లాను. జీవితంలో మొదటిసారి తక్కువ అడగడానికి.

“అన్నా, మళ్ల మూడు ఫిల్ములు గావాలె. పల్లాడియం ఐదే. ఎక్కువొద్దు.”

అతను చేతిలో పని ఆపి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

“ఏమైంది చెల్లె? పానం బాగలేదా?”

“మంచిగనే ఉన్న.”

“ఐదేస్తే రేటు తగ్గియ్యాలె అంటవ్.”

“అదే రేటు.”

“అదే రేటా!” అని తలుపు వైపు చూశాడు, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. “గిదేదో నాకు నచ్చుత లేదు. సూడు, ఆ వేరే పార్టీ ఆళ్ల పల్లాడియం పళ్లెం ఆళ్లు తీసుకపోయిన్రు. పైకెళ్లి బెల్టుల ఆర్డరు మీద పడ్డది, గవన్నీ కొక్కేలకు తగిలియ్యాలె, ఎక్కియ్యాలె, దించాలె. వచ్చే నెల రా.”

“వచ్చే నెలకు నా పని ఖతం.”

“నా ఆర్డరు పోతే నా పని ఖతం.”

ఇద్దరివీ నిజమే. పళ్లెం సంగతి సార్‌కు ఫోన్ చేస్తే, ఆయన పాత మిత్రుడి ప్రయోగశాలకు స్వయంగా వెళ్లి అడిగి తెచ్చారు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను అంతకుముందు చూడలేదు. ఇక మిగిలింది యంత్రం ఖాళీ చేయడం. ఎంత తొందరగా బెల్టులు అయితే అంత తొందరగా నా వంతు. మర్నాటి నుంచి నేను షెడ్డులో బెల్టులు తగిలించాను. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, స్పిరిట్‌తో తుడిచి, ఒక్కో బెల్టును సన్నని కొక్కేనికి వేలాడదీయాలి. వేలిముద్ర పడితే అక్కడ పూత పట్టదు. మొదటి రోజు నేను తగిలించినవి సగం అతను మళ్లీ తుడిచాడు.

“చెల్లె, పీహెచ్‌డీ అంటే గిదేనా?”

“ఇదే అన్నా. పేరే పెద్దది.”

రెండో రోజు నావి తుడవడం మానేశాడు. ఆ వారాంతానికి నా ఫిల్ములు అయ్యాయి. చేతిలో పెడుతూ, “ఐదంటే ఐదే, మీటరు సూపిస్త రా” అని చూపించాడు కూడా. బేరం మాట అతనూ అనలేదు, నేనూ అనలేదు. చీటీ మీద ఉన్నది ఇచ్చాను. ఇద్దరికీ ఏదో వెలితిగానే ఉండింది.

ఉప్పల్ మేడం రిజిస్టరు తిరగేశారు.

“సెమినార్ లోపల ఒక్క ఆదివారం తప్ప ఖాళీ లేదు. అదీ బోనాల ఆదివారం. అందరూ వద్దన్నారు కాబట్టి మిగిలింది. మధ్యాహ్నం ఒంటిగంట వరకే ఉంటాను.”

“తీసుకుంటాను మేడం. ఇంకొక్క గంట...”

“ఒంటిగంట.”

బోనాల ముందు వారం మా దుకాణంలో నిలబడే చోటుండదు. ఆ ఆదివారం పొద్దున అమ్మతోపాటు గుడికి వెళ్లడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్నదే. ఎలా చెప్పాలా అని తచ్చాడుతుంటే అమ్మే అంది.

“ఏందో చెప్పు, నా చుట్టు తిరగకు.”

“ఆదివారం ఉప్పల్ పోవాలె. ఒక్క ఆ రోజే దొరికింది.”

అమ్మ గల్లాపెట్టె ధడాలున మూసింది.

“పో మరి. బోనం నేనెత్తుకుంట. నువ్వు పోయి నీ హైడ్రోజన్ ఎత్తుకో.”

ఆదివారం పొద్దున రోడ్డుకు అడ్డంగా పందిళ్లు, డప్పులు, పసుపు నీళ్లు. ఆటోలు లేవు. ఫిల్ముల డబ్బా బ్యాగులో ఒంటికి హత్తుకొని హబ్సిగూడ దాకా నడిచి మెట్రో ఎక్కాను. ఉప్పల్‌లో దిగేసరికి చీర అంచు పసుపుమయం. చేతులు రెండుసార్లు కడుక్కున్నాకే మేడం గదిలోకి రానిచ్చారు.

ముందు పాత ఫిల్ము పెట్టాను, కొసరుది. లెక్క చెప్పింది చాలదు, కంటితో చూడాలి. హైడ్రోజన్ వదిలాను. ఎప్పటిలాగే ఒక భాగం ఎడమకు వెళ్లింది, ఒక భాగం నియోబియం చోట కూర్చుంది. అప్పుడు హైడ్రోజన్ ఆపి ఒట్టి ఆర్గాన్ తోలాను. నియోబియం ఒకసారి తాగిన హైడ్రోజన్‌ను గది వేడిలో అంత తేలిగ్గా వదలదు. పల్లాడియం వెంటనే వదిలేస్తుంది. కదలని వంతు నిజంగా నియోబియమే అయితే అక్కడే ఉండాలి. తెర మీద ఒక్కో గీతా పడుతుంటే, అంతకాలం కదలనిదని నేను పేరుపెట్టిన పీక్ సన్నబడి, సన్నబడి మాయమైంది. నలభై దగ్గర పల్లాడియం తన చోట్లో లేచి నిలబడింది. ఇక బేరానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత కొత్త ఫిల్ములు. మొదటిదాంట్లో నియోబియం పీక్ మొత్తానికి మొత్తం ఎడమకు జరిగింది. పాత చోట పలచని పల్లాడియం తాలూకు మసక నీడ తప్ప ఎవరూ లేరు. రెండోది, ఇంకా పలచనిది, అదీ మొత్తం జరిగింది, కానీ మొదటిదాని కంటే కొంచెం తక్కువ దూరం. ఆ తేడా యంత్రం పొరపాటేమోనని మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. మూడో ఫిల్ము గుమ్మటం కింద పెడుతుంటే మేడం లేచి నిలబడ్డారు.

“ఒంటిగంట అయింది.”

“మేడం, ఇదొక్కటే. దీనికోసం...”

“మా ఇంట్లోనూ పండుగేనమ్మా” అని, ఎక్స్‌రే ఆపేశారు. తాళం వేస్తూ, “అనుకున్నది వచ్చిందా?” అని అడిగారు.

“లేదు మేడం. ఉన్నది వచ్చింది.”

“అయితే రిజిస్టర్లో సంతకం పెట్టు” అన్నారు.

సెమినార్‌లో మొదటి గ్రాఫు తప్పుదే పెట్టాను, రంగులతో సహా. ఎదురుగా నలుగురు పెద్దలు, ఒక మూల సార్. తప్పు ఎలా జరిగిందో, దాన్ని ఎలా పట్టుకున్నానో, ఒట్టి ఆర్గాన్‌లో ఏం జరిగిందో వరసగా చూపించి, అప్పుడు కొత్త ఫిల్ములకు వచ్చాను. రెండే ఉన్నాయని, మూడోది కొలవలేదని చెప్పాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కుర్చీలో ముందుకు జరిగారు.

“పల్లాడియం అంత మందం ఎందుకు పెట్టారు? కారణం ఏదైనా ఉందా?”

శాస్త్రీయమైన కారణం ఒకటి అల్లవచ్చు. ఆక్సిజన్ నుంచి రక్షణ అని చెబితే తల ఊపేస్తారు.

“ఊరికే వస్తుందని పెట్టించుకున్నాను సార్.”

గదిలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. “మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు.”

“ఇక్కడ తెలిసేది కాదు సార్. తీసుకెళ్లి ఉతికినవాళ్లకు తెలిసేది.”

వాళ్లు నన్ను బయటికి పంపి చాలాసేపు మాట్లాడుకున్నారు. వరండాలో నిలబడి, లోపల కుర్చీలు జరిగిన చప్పుడల్లా నా పేరు కొట్టేసిన చప్పుడేనని అనుకున్నాను. చివరికి పిలిచి చెప్పారు: మూడో ఫిల్మును కొలిచి ఆ ఫలితం చేర్చిన తర్వాత థీసిస్ సమర్పించవచ్చు. ఇనుము పక్కన నియోబియం గురించి రాసిన అధ్యాయాన్ని తీసేయాలి. సార్ బయటికి వచ్చి నా భుజం తట్టి, తన గదికి వెళ్లిపోయారు. మూడో ఫిల్ము కొలతకు మేడం తర్వాత నెలలో ఒక పూట ఇచ్చారు. అదీ మొత్తం జరిగింది, రెండోదానికన్నా ఇంకొంచెం తక్కువ.

ఇక బిల్లు. పెద్ద పేపరు పోయింది. దాని చోట చిన్నది వచ్చింది, చదివినవాళ్లు కొద్దిమంది. సదస్సు పోయింది, వెళ్లి ఉంటే సార్ పేరు కూడా నలుగురి నోటా నానేది. పాత ఫిల్ముల మీద చేసిన కొలతల్లో పనికొచ్చినవి ఆర్గాన్‌లో తీసిన ఆ చివరి గీతలే, మిగతా నెలల పని దండగ. రెండోసారి ఫిల్ముల ఖర్చు నా ఫెలోషిప్‌లోంచి వెళ్లింది, బెల్టులు తగిలించిన రోజులకు కూలి లేదు, ఒక బోనాల పండుగ అమ్మ ఒక్కతే చేసుకుంది. వచ్చింది చూస్తే, నియోబియం పొరలు ఎంత పలచబడినా ఇనుము పక్కన ఉన్నా మొత్తంగా హైడ్రోజన్ తాగుతాయి, పలచబడేకొద్దీ కొంచెం తక్కువ ఉబ్బుతాయి అన్న ఒక్క మాట. ఎందుకు తక్కువో నాకు తెలియదు, తెలిసినట్టు థీసిస్‌లో రాయలేదు. డిగ్రీ వచ్చింది, ఒక ఏడాది ఆలస్యంగా. కూడి చూస్తే పెట్టింది ఎక్కువ, వచ్చింది తక్కువ. తేడా నేనే కట్టుకున్నాను.